మహజరుల కాలము

అర్జీ వ్రాయుట బిచ్చమెత్తుటయే యని మనదేశమున నొక మాట చిరకాలమునుండి వాడుకలో నున్నది. కాంగ్రెసు మహాసభయొక్క తొలి యిరువదియేండ్ల చరిత్రను బరిహసింపదలచిన వారందఱును ఈ మాటనే ప్రయోగించిరి. మేమును బ్రయోగించినవారమే. అయినను, ఇంగ్లండు దేశమున విక్టోరియారాణి యేలుబడి తొలి పది పండ్రెండేండ్లలో అర్జీల కేమి గతి పట్టెనో నెమ్మదిగా బరిశీలించినచో, ఈ మాట సగము మాత్రమే నిజమని తోచుచున్నది. మిగిలిన సగమును గూర్చి పాఠకులకు మనవి చేయదలచితిమి.

పాలకులకు విన్నపము చేసికొను హక్కు ఆంగ్లేయులకు బహుప్రాచీనము. ఆ హక్కును జూచి పాలకులు జంకుటయు నంతే ప్రాచీనము. ఇరువదిమందికి మించి చేవ్రాళ్లు సేకరింపవలెనన్న స్థానిక న్యాయాధికారుల సమ్మతి కావలెననియు, పదిమందికి మించి గుంపుగా బోయి అర్జీ నీయరాదనియు 1661లోనే శాసనము చేసిరి. 1689 నాటి హక్కుల శాసనము, రాజునకు విన్నవించుకొనుట ప్రజల హక్కనియు, విన్నవించుకొన్నందుకై యొకనిని చెఱబెట్టుట అక్రమమనియు నిర్ణయించెను. కామన్సుసభకు బంపెడు అర్జీకి ఆ కాలమున మఱికొన్ని నియమము లుండెను. అది అచ్చువేసినది గాక చేతితో వ్రాసినదై యుండవలసి యుండెను. భాష వినయముగా నుండవలెను. సభ్యుడొకడు దానిని చేపట్టి సభలో సమర్పింపవలెను. విన్నపదారులు సదా ప్రార్థించుచుందుమని చెప్పి ముగింపవలెను. జమాబందీ డేరాలయొద్ద కరణముచేత వ్రాయించి యిచ్చిన అర్జీలను జూచినవారికి ఈ ధోరణి క్రొత్తది కాదు. వంగి నిలుచుట అర్జీకి లక్షణము. ఆ వంగిన నడుములు లక్షలకొలదిగా నొక్కచోట జేరినప్పు డేమగునన్నదే యిచట ప్రశ్న.

1832 నాటి సంస్కరణ శాసనము మధ్యతరగతివారిని పార్లమెంటు గడప దాటనిచ్చి, వారి వెనుకనే తలుపు మూసివేసెను. మగ్గము నేయువాడును, గనిలో బొగ్గు త్రవ్వువాడును, కుట్టుపనివాడును బయటనే మిగిలిరి. వోటు లేనివానికి మిగిలినది చేవ్రాలొక్కటియే. చేవ్రాలునకు బలము లేకపోలేదు. బానిసత్వమును రద్దుచేయవలెనని 1833లో పార్లమెంటునకు ఐదువేలకు మించి అర్జీలు వచ్చెను. అందు స్త్రీలు మాత్రమే సంతకములు చేసిన యొక మహజరున 1,87,000 చేవ్రాళ్లుండెను. ఆ సంవత్సరమే శాసనమైనది. (ఆ శాసనము బానిసల యజమానులకు రెండుకోట్ల పౌనుల నష్టపరిహార మిచ్చినది. బానిసకు ఒక్క పెన్నీయు నీయలేదు. ఈ సంగతిని ఇంగ్లండు కీర్తిని బాడువారు తఱచుగా మఱచుచుందురు.) కావున 1838లో లండను పనివారి సంఘమునకు చెందిన విలియం లవెట్టు మున్నగువారు ప్రజాశాసనపత్రము ప్రకటించినప్పుడు, దానికి మహజరు తోడుచేయవలెనని ఉద్యమకారులు దలచుట వెఱ్ఱితనము కాదు. ప్రతి పురుషునకు వోటు, రహస్యముగా వోటు వేయు పద్ధతి, సభ్యత్వమునకు ఆస్తి యర్హత లేకుండుట, సభ్యులకు జీతము, సమానమైన నియోజకవర్గములు, ఏటేట పార్లమెంటు ఎన్నిక అనునవి వారి యారు కోరికలు. చార్టు అనగా శాసనపత్రము. అందుచేత వారికి చార్టిస్టులని పేరు వచ్చెను.

మొదటి మహజరును బర్మింగుహాము బ్యాంకరును కామన్సుసభ సభ్యుడునగు థామసు అట్టువుడ్డు 1839 జూను 14వ తేదీన సభకు దెచ్చెను. 12,80,000 చేవ్రాళ్లు. కాగితములన్నిటిని వరుసగా నంటించి చుట్టగా జుట్టిరి. ఆ మహాకాయమును జూచి సభ్యులు నవ్విరి. జూలై 12వ తేదీన దానిని సభ విచారింపవలెనా వలదా యని వోటు తీసికొనగా, వలెనన్నవారు 46 మంది, వలదన్నవారు 235 మంది. ఆ యేడే నవంబరు 4వ తేదీన వేల్సు దేశపు న్యూపోర్టు పట్టణమున గనిపనివారు తిరుగబడిరి. సిపాయిల తుపాకులకు ఇరువదిమందికి బైగా బలియైరి. నాయకుడు జాను ఫ్రాస్టునకు మరణశిక్ష విధించి, పిదప ద్వీపాంతరమునకు బంపిరి. అర్జీని చూచి నవ్విన సభవారికి ఈ రెంటికి నడుమ సంబంధము తోచెనో లేదో మేమెఱుగము.

1842 నాటి రెండవ మహజరు కథ యింకను విశేషమైనది. మొదటిసారి తిరస్కృతులైనవారు నిరాశచెంది యింటగూరుచుండక, రెండింతలకు మించి చేవ్రాళ్లు దెచ్చిరి. 33,17,752 అని లెక్క చెప్పిరి. ఆ కాలమున వార్తలు చేరవేయుటకు వారికి గల ప్రధానసాధనము లీడ్సునుండి వెలువడుచుండిన నార్తరన్ స్టార్ పత్రిక. దానిని గొనలేనివారు నలుగురు గూడి యొకప్రతి గొని, చదువ నేర్చినవాడు చదువగా దక్కినవారు వినుచుండిరి. మన గ్రంథాలయములలో పత్రికాపఠనము నెఱిగినవారికి ఈ దృశ్యము తేలికగానే కనుల గట్టును. వీధి మొగలలోను, పానశాలలలోను, ప్రార్థనమందిరములలోను బల్లలు వేసి, కాగితము పఱచి, వచ్చినవానికి విషయము చెప్పి, చదివి వినిపించి, ఒప్పించి, కలము చేతికిచ్చిరి. ఒక్కొక్క చేవ్రాలు వెనుక నొక్కొక్క సంభాషణ కలదు. ముప్పదిమూడు లక్షల సంభాషణలు! దేశమందలి పనివాడు తన దుఃఖము తన యొక్కనిదే కాదని యెఱుగుటకు వేఱొక విశ్వవిద్యాలయము లేదు.

ఆ మహజరు వ్రాతయును గమనింపదగినది. వినయపు మాటలు యథావిధిగా నున్నవి గాని, వాని నడుమ లెక్కలు కలవు. రెండుకోట్ల అఱువదిలక్షల జనులలో వోటు గలవారు తొమ్మిది లక్షలకు కొంచెము పైమాటయే యని యొకటి. 3,920 మంది గల గిల్‌ఫర్డును, మూడు లక్షలమంది గల టవర్ హామ్లెట్సును సమానసంఖ్యలో సభ్యులను బంపుచున్నవని మఱియొకటి. రాణిగారి సొంతఖర్చునకు దినమునకు 164 పౌనుల 17 షిల్లింగుల 10 పెన్నీలు ముట్టుచుండగా, వేలకొలది కూలి కుటుంబములలో తలకు దినమునకు మూడుముప్పాతిక పెన్నీలు మాత్రమే వచ్చుచున్నవని వేఱొకటి. తిట్టు లేదు, శాపము లేదు. రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపిరి. బిచ్చగాడు దాత ఆదాయమును లెక్కగట్టి చూపడు గదా!

మే 2వ తేదీన దానిని ఊరేగించి పార్లమెంటు భవనమునకు దెచ్చిరి. పొడవు ఆరు మైళ్లకు బైబడినదని చెప్పుదురు. అంత పెద్ద చట్రము తలుపున బట్టలేదు. తలుపు చుట్టునుగల కొయ్యపని నూడదీసి చూచిరి. అప్పటికిని బట్టలేదు. తుదకు మహజరును ముక్కలుగా విడదీసి, మోపులు మోపులుగా లోనికి మోసికొనిపోయి సభామధ్యమున గుప్పగా బోసిరి. ప్రజలు పట్టని సభ యని చెప్పుటకు ఇంతకంటె వేఱు రూపకము కవికైన దొరకదు. దీనిని మేము కల్పించినది కాదు.

మఱునాడు సభ్యుడగు థామసు డంకోంబు, విన్నపదారులను సభాద్వారముకడ నిలిపి వారి మాట వినవలెనని ప్రతిపాదించెను. అడిగినది అంతమాత్రమే. వోటు నిమ్మనలేదు, విను మనిరి. అందులకు సమాధానముగా లేచినవారిలో మన పాఠకు లెఱిగిన యొక దొర కలడు. 1835లో మన విద్యావిధానమును గూర్చి పత్రము వ్రాసి, మన వాఙ్మయమును తూచివేసిన మెకాలే దొరయే ఆయన. రహస్యపు వోటు మున్నగు కొన్ని కోరికలకు తనకు అంతగా నాక్షేపణ లేదని యొప్పుకొనెను. కాని ప్రతి పురుషునకు వోటిచ్చుట ఆస్తిహక్కునకు చేటనియు, ఆస్తిహక్కు పోయిన నాగరకతయే నిలువదనియు, ఆస్తి లేనివారి చేతికి అధికారమిచ్చుట దోపిడికి ద్వారము తెఱచుటయే యనియు వాదించెను. ఆయన వాదము మాకు సమ్మతము గాదు. అయినను ఒక్క విషయమున మెకాలేను మెచ్చుకొనవలెను. ఆయన మహజరును బిచ్చముగా దలపలేదు. బిచ్చగానిని జూచి భయపడువా డెవ్వడు? కాగితములో వ్రాసిన వినయమును గాక, కాగితము వెనుకనున్న జనమును జూచెను. సమర్థించినవారిలోను రోబకు వంటివారు, ఈ మహజరును వ్రాసినవాడు దుర్మార్గుడని నాయకుని నిందించుచు సమర్థించిరి. మిత్రుల సాయ మట్టిది. వినవలెనన్నవారు 49 మంది, వలదన్నవారు 287 మంది.

ఇచ్చట పాఠకులు వేఱొక సంగతిని జూడవలెను. 1843లో కామన్సుసభకు వచ్చిన అర్జీలు 33,898. అన్ని అర్జీలు మఱి యే సంవత్సరమునను రాలేదందురు. ఇన్ని వచ్చుచుండగా సభ యేమి చేసెను? పూర్వము అర్జీని సమర్పించిన సభ్యుడు దానిమీద ప్రసంగించుటయు, ఇతరులు ప్రతివాదించుటయు గలదు. అర్జీ యొక్కటి వచ్చిన పూటయంతయు దానికే చెల్లుచుండెను. 1830 తర్వాతి సంవత్సరములలో ఈ వాడుకను క్రమముగా ద్రొక్కివైచి, 1842 ప్రాంతమున చర్చయే కూడదని స్థిరనియమములు గావించిరి. 1833 నుండి యొక ఉపసంఘముండెను. అది అర్జీలను తరగతులుగా విభజించును, చేవ్రాళ్లను లెక్కపెట్టును, పట్టికను అచ్చువేయును. అర్జీ పుచ్చుకొనబడును, లెక్కింపబడును, అటకకెక్కును. హక్కును రద్దుచేయవలసిన పనియే లేకపోయెను. 1661 నాటి పాలకులు చేవ్రాళ్లను ఇరువదికి మించనీయరాదని తంటాలు పడిరి. వారి మనుమలు అంతకంటె బుద్ధిమంతులై, ఎన్నియైనను తెమ్మని వాకిలి తెఱచి, చెవులు మూసికొనిరి. ప్రభుత్వములకు ఈ రెండవ యుపాయమే మేలైనదని మా యనుభవమును జెప్పుచున్నది.

పనివాండ్ర అర్జీలకే ఈ గతి యనుకొనరాదు. 1845లో ఐర్లండునందలి మేనూతు కథోలిక విద్యాలయమునకు ధనసహాయము పెంచరాదని పదివేలకు బైగా అర్జీలు, పండ్రెండు లక్షలకు బైగా చేవ్రాళ్లతో వచ్చెను. అందు వోటు గల గృహస్థు లెందఱో కలరు. ప్రధానమంత్రి పీలు వానిని లక్ష్యపెట్టక బిల్లును నెగ్గించుకొనెను. ఆ విషయమున మా సానుభూతి పీలు వైపుననే యున్నది. చేవ్రాళ్లు లక్షలైనంత మాత్రమున న్యాయము వాని పక్షముననే యుండునని మేము చెప్పము.

ఇక 1848. ఫిబ్రవరిలో పారిసునందు విప్లవము చెలరేగి ఫ్రెంచి రాజు పారిపోయెను. ఏప్రిలు 10వ తేదీన థేమ్సు నదికి దక్షిణమున గల కెన్నింగ్‌టన్ మైదానమున జార్టిస్టులు సభ జేసి మూడవ మహజరును బార్లమెంటునకు ఊరేగింతుమని ప్రకటించిరి. రాణిని ముందుగనే వైటు ద్వీపమునకు దరలించిరి. నగరరక్షణ వృద్ధుడైన వెల్లింగ్టన్ ప్రభువున కొప్పగించిరి. వేలకొలది గృహస్థులను ప్రత్యేక కానిస్టేబుళ్లుగా జేర్చి చేతికి కఱ్ఱలిచ్చిరి. తర్వాత ఫ్రాన్సునకు చక్రవర్తియైన లూయీ నెపోలియన్ గూడ వారిలో నొకడు. ఊరేగింపు వంతెన దాటరాదని పోలీసు అధికారి చెప్పగా నాయకుడు ఫియర్గసు ఓకానరు ఒప్పుకొనెను. జనులు శాంతముగా నిండ్లకు మరలిరి. మహజరు మూడు బాడుగబండ్లలో బార్లమెంటు చేరెను. అంత సన్నాహమునకు బర్యవసాన మింతే.

అసలు దెబ్బ మూడుదినముల పిదప దగిలెను. చేవ్రాళ్లు 57 లక్షలనియు, మహజరు బరువు ఐదు టన్నులనియు ఓకానరు సభలో జెప్పియుండెను. ఉపసంఘమువారు తూచి చూడగా ఆరు హండ్రెడ్‌వెయిట్లకు లోపుగానే తూగినది. ఇరువది హండ్రెడ్‌వెయిట్లయిన నొక టన్ను. లెక్కపెట్టగా 19,75,496 చేవ్రాళ్లు తేలినవనిరి. అందును విక్టోరియా రాణి పేరు, వెల్లింగ్టన్ పేరు, పీలు పేరు, చప్పిడిముక్కువా డనియు మొండిముక్కువా డనియు వెక్కిరింతపేర్లు! పుటలకు బుటలు ఒక్క దస్తూరితోనే నిండియుండెను. సభ పగులబడి నవ్వెను. మఱునాడు పత్రికలు నవ్వెను. దేశము నవ్వెను.

ఈ లెక్కను మేమును వేసి చూచితిమి. పదమూడుగురు గుమాస్తాలు పదునేడు గంటలకు బైగా లెక్కించిరని ఉపసంఘము చెప్పినది. ఒక్కొక్కడు నిమిషమునకు దాదాపు నూటయేబది పేరులు చదివి, నకిలీవి యేరి, లెక్కగట్టవలెను. ఇది మానవసాధ్యమా యని ఓకానరు అడిగెను. అడిగిన మాట న్యాయమే. ఒక్క దస్తూరి పుటలకును గారణము కలదు. వ్రాయనేర్వనివాని పేరు ప్రక్కవాడు వ్రాసియుండును. యజమాని చూచినచో పని యూడునని వెఱచినవాడు మాఱుపేరు పెట్టియుండును. ఆకతాయివాడు పరిహాసమున కేదో గీకియుండును. ఇవన్నియు నిజమే. అయినను ఓకానరును మేము క్షమింపజాలము. ఇరువదిలక్షల నిజమైన చేవ్రాళ్లు ఏ దేశమునందైనను ఏ కాలమునందైనను గొప్ప సంగతి. నూఱువేలలో ఎనిమిదివేలకు బైగా స్త్రీలవని శత్రువులే లెక్కగట్టిరి. ఆ సత్యము చాలక దానికి మూడింతలు చేసి చెప్పిన నాయకుడు, వానలో నిలిచి నిజముగా సంతకము చేసినవాని చేవ్రాలును గూడ దొంగసొమ్ముగా మార్చివేసెను. ఊరేగింపు నేర్పాటుచేసిన విలియం కఫే అను దర్జీ, బానిస కుమారుడు, నల్లజాతివాడు, ఆ సంవత్సరమే టాస్మేనియాకు ద్వీపాంతరవాస శిక్ష పొంది, మరల స్వదేశమును జూడక అక్కడనే మరణించెను. అట్టివాని త్యాగమునకు లెక్కల గారడీ చేయువాడు నాయకుడగుట ఉద్యమముల దురదృష్టము.

ఆరు కోరికలలో నైదు తర్వాత నెఱవేఱినవి. ఆస్తి యర్హత 1858లో పోయినది, రహస్యపు వోటు 1872లో వచ్చినది, సభ్యులకు జీతము 1911లో వచ్చినది, పురుషులకందఱకును వోటు 1918లో వచ్చినది. నియోజకవర్గములును క్రమముగా సమానమునకు దగ్గఱపడినవి. ఏటేట ఎన్నిక మాత్రము నేటికిని లేదు. ఇవి మహజరుల ఫలమని మేము చెప్పము. ఎనుబదియేండ్ల నిరీక్షణను ఫలమనుట న్యాయము కాదు. నేడు ఆ పార్లమెంటే యంత్రముద్వారా అర్జీలు పుచ్చుకొనుచు, లక్ష చేవ్రాళ్లు వచ్చినదానిని చర్చకు బరిశీలించుచున్నది. లక్షకు బరిశీలన! ముప్పదిమూడు లక్షలను మోసికొనివచ్చినవారు వినిన నేమందురో! కాని నేటి చేవ్రాలు వ్రేలితో నొకసారి తాకిన ముగియును. నాటివానికి సంతకముచేయుట యనగా యజమాని కన్నుబడు చోట నిలుచుట.

ఆ మహజరుల గాలి మనవైపునకును వీచినది. మొదటి చార్టిస్టు మహజరు వెళ్లిన 1839వ సంవత్సరముననే, నవంబరు 11వ తేదీన, చెన్నపట్టణ పౌరులు డెబ్బదివేల చేవ్రాళ్లతో విద్యాలయము కావలెనని గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు విన్నవించుకొనిరి. 1852లో, కుంపిణీ పట్టా మరల పార్లమెంటు ముందునకు వచ్చు తరుణమున, గాజుల లక్ష్మీనరసుశ్రేష్ఠిగారు చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించి నేరుగా పార్లమెంటునకే మహజరు పంపించిరి. నీలిమందు, బట్టల వ్యాపారమున ధనమార్జించిన తెలుగు వర్తకుడాయన. సొంతసొమ్ముతో క్రెసెంటు అను ఆంగ్లపత్రిక నడిపినవాడు. శిస్తుల భారము, న్యాయస్థానముల జాప్యము, రైతుల దైన్యము అందు వర్ణింపబడెను. శిస్తు రాబట్టుటకు రైతును హింసించుచున్నారను ఫిర్యాదును సంఘమువారు ఎలుగెత్తి చెప్పిరి. 1853లో పార్లమెంటు కుంపిణీ పరిపాలనను బొడిగించెను. అడిగినదానిలో దక్కినది స్వల్పము. ఆ లెక్కన ఇదియు విఫలమైన అర్జీయే.

అయితే ఆ కాగితమును జూచి డాన్బీ సేమూరు అను కామన్సుసభ సభ్యుడు ఆ యేడే చెన్నపట్టణమునకు వచ్చెను. శ్రేష్ఠిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి రైతుల నోటనే సంగతులు వినిపించిరి. 1854 జూలైలో సేమూరు దానిని కామన్సుసభలో బయటపెట్టగా, హింస యన్నది లేదని కుంపిణీ పక్షమువారు బుకాయించిరి. అంతట చెన్నపట్టణమున విచారణసంఘము నేర్పడెను. 1855లో ఆ సంఘము ప్రకటించిన నివేదికలో, శిస్తు వసూలునకై రైతును వంచి మెడను కాళ్లకు గట్టి యెండలో నిలువబెట్టుటయు, వ్రేళ్లను చీరటలో బెట్టి నొక్కుటయు జరుగుచున్న మాట నిజమేయని దొరలే చేవ్రాలుచేసి ఒప్పుకొనిరి. ఏ గ్రామమున నే రైతు వ్రేళ్లు నలిగెనో అదివఱకు ఊరివారికి దెలియును. తాలూకా కచేరికిని దెలియును. లండనులో మాత్రము తెలియదని చెప్పుచుండిరి. 1855 తర్వాత ఆ మాట చెప్పుటకు వీలులేకపోయెను.

శ్రేష్ఠిగారు ఈ పనులకు వెచ్చించిన ధనము మరల రాలేదు. 1868లో ఆయన దివంగతులగునాటికి పెద్దల నాటి యాస్తి దాదాపుగా హరించిపోయి యుండెను.